ముందు 'ది', వెనక 'ఎస్ట్', మధ్యలో మన పెద్దక్క

శ్రోతలందరికీ నమస్కారం.

మొన్న మా వీధిలో పదో తరగతి చదివే పాప ఒకటి తిమ్మమ్మ మర్రిమాను గురించి ఇంగ్లీషులో వ్యాసం రాసుకొని వచ్చి నాకు చూపించింది. మొదటి వాక్యమే "తిమ్మమ్మ మర్రిమాను ఈజ్ మోస్ట్ బిగ్గెస్ట్ ట్రీ". అనంతపురంలో ఇన్నేళ్లుగా పిల్లలకు ఇంగ్లీషు చెప్తూ ఈ 'మోస్ట్ బిగ్గెస్ట్' ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. ఆ పాపకు తెలివి లేక వచ్చిన తప్పు కాదది. తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో రాసేటప్పుడు ఎవరికైనా వస్తుంది.

ఎట్లా అంటే, మనం "పెద్ద చెట్టు" అంటాం, "దానికంటే పెద్ద చెట్టు" అంటాం, "అన్నిటికంటే పెద్ద చెట్టు" అంటాం. మూడు చోట్లా 'పెద్ద' అనే మాట అట్లే ఉంది, కదల్లేదు. పనంతా దాని ముందున్న 'కంటే', 'అన్నిటికంటే' చేసిపెడతాయి. ఇంగ్లీషులో మాటే మారుతుంది. బిగ్, బిగ్గర్, బిగ్గెస్ట్. బడిలో చివర 'ఎస్ట్' అనే తోక తగిలించాలని నేర్పినారు, మన అలవాటేమో ముందొక మాట పెట్టమంటుంది, పాప రెండూ పెట్టేసింది. ఒకటి చాలు. ఎస్ట్ ఉంటే మోస్ట్ వద్దు, మోస్ట్ ఉంటే ఎస్ట్ వద్దు.

ఏ మాటకు ఏది అనేది నోటితో పలికి చూసుకోండి. టాల్, కోల్డ్, డీప్ లాంటివి ఒక్క దెబ్బలో అయిపోతాయి, వాటికి ఎస్ట్. హ్యాపీ, ఈజీ లాంటివి రెండు దెబ్బలు, చివర వై ఉంటుంది, ఆ వై పోయి ఐ వచ్చి హ్యాపియెస్ట్, ఈజియెస్ట్ అవుతాయి. బ్యూటిఫుల్, ఇంపార్టెంట్ లాంటి పొడుగు మాటలకు ముందు మోస్ట్. వై లేని రెండు దెబ్బల మాటలకు, ఫేమస్ లాంటివాటికి, ఎక్కువగా మోస్టే. నారో, సింపుల్ లాంటి కొన్నిటికి ఎస్ట్ కూడా ఒప్పుకుంటారు. ఇక గుడ్‌కు బెస్ట్, బ్యాడ్‌కు వరస్ట్, లిటిల్‌కు లీస్ట్. ఇవి ఏ లెక్కకూ లొంగవు, నోటికి పట్టించుకోవాల్సిందే.

రేడియో కాబట్టి వినికిడికి సంబంధించిన ఒక సంగతి తప్పకుండా చెప్పాలి. బిగ్‌కు ఎస్ట్ చేర్చేటప్పుడు రెండు జీలు రాస్తాం, హాట్‌కు రెండు టీలు రాస్తాం. అది చూసి మనవాళ్లు ఒత్తి పలుకుతారు, బిగ్గెస్ట్, హాట్టెస్ట్ అని. నేనూ ఇందాకటి నుంచి అందరికీ అలవాటైన పలుకుబడి అని అట్లే అంటున్నాను. తెలుగులో ఒత్తు రాస్తే ఒత్తి పలకాల్సిందే, కల వేరు, కల్ల వేరు. ఇంగ్లీషులో ఆ రెండో అక్షరం పలకడానికి కాదు, దాని ముందున్న అచ్చు పొట్టిది సుమా అని చెప్పడానికి ఉంది. పలికేది 'బిగిస్ట్', 'హాటిస్ట్' అన్నట్టుగా తేలిగ్గానే. డీప్, చీప్ లాంటి వాటిలో అచ్చు పొడుగు కాబట్టి అక్షరం రెట్టింపు కాదు.

సరే, పాప వాక్యంలో మోస్ట్ తీసేశాం. ఇంకా రెండు లోపాలున్నాయి. ముందు 'ది' లేదు. అన్నిటిలోకి పెద్దది అంటే ఒకే ఒక్కటి, ఫలానాది అని తేలిపోయింది కదా, అందుకే ది. రెండోది, దేనిలో పెద్దది? ఈ మాను 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది ప్రపంచంలో అతి పెద్ద మర్రిచెట్టుగా, కొమ్మలు పరుచుకున్న మేర దాదాపు అయిదు ఎకరాలు ఉంటుంది. ఎత్తులో మాత్రం దీన్ని మించిన చెట్లు ఎన్నో ఉన్నాయి. కాబట్టి 'టాలెస్ట్' అంటే అబద్ధం, ఉత్త 'బిగ్గెస్ట్ ట్రీ' అన్నా సరిపోదు, "ది బిగ్గెస్ట్ బన్యన్ ట్రీ ఇన్ ది వరల్డ్" అనాలి. ఊరు, జిల్లా, ప్రపంచం లాంటి చోట్లకు 'ఇన్', ముగ్గురిలో నలుగురిలో అని లెక్కపెట్టి చెప్పేటప్పుడు 'ఆఫ్'.

ఈ హద్దు చెప్పడం నా దృష్టిలో వ్యాకరణం కంటే పెద్ద విషయం. బెలూం గుహలనే తీసుకోండి, 3,229 మీటర్లు, మనకెంతో గర్వం. ఆ గర్వంలో "ది లాంగెస్ట్ కేవ్స్ ఇన్ ఇండియా" అనేస్తారు. మేఘాలయలో వీటికంటే పొడుగు గుహలున్నాయి. మైదాన ప్రాంతంలో, జనం చూడటానికి తెరిచిన వాటిలో అని హద్దు పెట్టినప్పుడే ఆ లాంగెస్ట్ నిలబడుతుంది. కాలం కూడా హద్దే. 19,130 చదరపు కిలోమీటర్లతో మన అనంతపురం రాష్ట్రంలోకి పెద్ద జిల్లా, 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టే దాకా. ఇప్పుడు రాస్తే ఈజ్ కాదు, 'వాజ్ ది లార్జెస్ట్ డిస్ట్రిక్ట్' అని రాయాలి.

మొదటి స్థానం గట్టిగా చెప్పలేనప్పుడు 'వన్ ఆఫ్' ఉంది. పడమటి కనుమల చాటున పడి మన జిల్లాకు వాన తక్కువ కాబట్టి "వన్ ఆఫ్ ది డ్రైయెస్ట్ డిస్ట్రిక్ట్స్ ఇన్ ఇండియా". డిస్ట్రిక్ట్ కాదు, డిస్ట్రిక్ట్స్. కొన్నిటిలో ఒకటి అంటున్నాం కదా, బహువచనం ఉండాలి. ఇంటర్వ్యూలకు పోయే పిల్లలు టెన్షన్‌లో ఆ చివరి ఎస్ మింగేస్తుంటారు, నాకు చాలా బాధగా ఉంటుంది.

ఇంకొకటి, "మా తమ్ముడు క్లాసులో అందరికంటే పొడుగు" అన్నది "టాలర్ దేన్ ఆల్" అని దించుతారు. ఆ ఆల్‌లో తమ్ముడు కూడా ఉన్నాడు, తనకంటే తాను పొడుగు ఎట్లా అవుతాడు? తెలుగులో ఆ ప్రశ్న ఎవరికీ రాదు, ఇంగ్లీషు చెవికి వస్తుంది. "టాలర్ దేన్ ఎనీ అదర్ బాయ్ ఇన్ ది క్లాస్" అనండి, లేదా నేరుగా "ది టాలెస్ట్ బాయ్" అనండి.

చివరిగా మన ఇళ్లల్లోని పెద్దక్క. మనకు అక్కలు ఇద్దరున్నా, అయిదుగురున్నా ఆమె పెద్దక్కే. ఇంగ్లీషు వాళ్లు అక్కడ లెక్క చూస్తారు. మీ ఇంట్లో ఆడపిల్లలు ముగ్గురో ఇంకా ఎక్కువో ఉంటే ఆమె 'మై ఎల్డెస్ట్ సిస్టర్', ఆమె మీరు ఇద్దరే అయితే 'మై ఎల్డర్ సిస్టర్'. ముందు 'మై' వచ్చింది కాబట్టి 'ది' అక్కర్లేదు. ఈ ఎల్డెస్ట్ ఇంటి మనుషులకే, మర్రిమానుకు మాత్రం ఓల్డెస్ట్ అనండి.

ఉంటాను, నమస్కారం.