తాడోబా పులులు, చాందా రాజులు: మూడు రోజుల యాత్ర

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, బల్లార్షా, చంద్రాపూర్, రాజురా ప్రాంతాల నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలవారికి నమస్కారం.

సెలవుల్లో మన ఇళ్లకు వచ్చే చుట్టాల్లో చాలామంది ఇప్పుడు మనల్ని చూడటానికి కాదు, చంద్రాపూర్ పక్కనున్న తాడోబా అడవిలో పులిని చూడటానికి వస్తున్నారు. అందులో తప్పుపట్టవలసింది ఏమీ లేదు. మంచిర్యాలలోనో వరంగల్‌లోనో రైలెక్కి బల్లార్షాలో దిగుతారు, ఆ రాత్రికే అడవి గేటున్న మోహర్లీ చేరుకుంటారు, పొద్దున ఒక సఫారీ, సాయంత్రం మరొక సఫారీ ముగించుకుని, పులి కనబడితే సంబరంగా, కనబడకపోతే మన మీద కాస్త నిష్ఠూరంగా తిరుగు రైలెక్కుతారు. ఆ దారిలో పడే చంద్రాపూర్, అంటే పాత చాందా, నాలుగు వైపులా కోటగోడ ఉన్న రాజధాని అనీ, వాళ్లు జిప్సీ అనే సఫారీ జీపులో తిరిగివచ్చిన అడవి ఆ రాజధానిని ఏలిన గోండు రాజులదే అనీ వాళ్లకు చెప్పేవారు ఉండరు. చెప్పవలసింది ఇక్కడ ఉంటున్న మనమే కాబట్టి, ఈ రెండింటినీ కలిపి ఎలా చూపించాలన్నదే ఈ రోజు నా విషయం.

నా అభిప్రాయం ముందే చెబుతాను. తాడోబాను, చాందా కోటను రెండు వేర్వేరు చోట్లుగా చూస్తే రెండూ సగమే అర్థమవుతాయి. ఇది అడవిని పూర్తిగా నరికి కట్టిన రాజ్యం కాదు; అడవి నడుమ, నీరు నిలిచే చోటు వెతుక్కుని, వాగులకు అడ్డంగా కట్టలు వేసుకుని నిలదొక్కుకున్న రాజ్యం. చెరువు తవ్వించినవాడికి ఆ చెరువు కింద పారే భూమి దక్కేదని, అడవి కొట్టి సాగు చేసినవాడికి ఆ పొలం మీద హక్కు ఉండేదని గోండు రాజుల కాలం గురించి చెప్పుకుంటారు. ఈనాడు పులి కోసం మనం గంటల తరబడి కాచుకునేది నీటి ఒడ్డునే. రాజధాని కోసం రాజులు వెతుక్కున్నదీ నీటి ఒడ్డునే.

ఈ వంశం మొదలైన చోటు మనకు పరాయిది కాదు. చాందా గోండు రాజుల తొలి రాజధాని సిర్పూర్; ఇవాళ అది తెలంగాణలో, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఉంది. అక్కడి నుంచి వార్ధా నది ఒడ్డున ఉన్న బల్లార్షాకు, ఆ తరవాత చంద్రాపూర్‌కు రాజధాని మారింది. అంటే కాగజ్‌నగర్ వైపు నుంచి రైల్లో వచ్చే మన చుట్టం, తెలియకుండానే, ఆ రాజులు నడిచిన దిక్కుకే ప్రయాణిస్తున్నాడు. రాజురా తాలూకా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రపు ఆదిలాబాద్ జిల్లాలో ఉండేదన్న సంగతి ఈ సభలోని పెద్దలకు నేను గుర్తుచేయనక్కరలేదు. సరిహద్దు గీతలు ఈ మధ్యవి, రాకపోకలు పాతవి.

యాత్రను మొదటి రోజు చంద్రాపూర్ ఊళ్లోనే మొదలుపెట్టమని నా సలహా. అడవికి ముందు కోట చూడాలి. ఈ వరుస తిరగబడితే పని చెడుతుంది. పులిని చూసి వచ్చినవాడికి రాతి గోడ చూపిస్తే తల ఊపుతాడే తప్ప చూడడు. పులి కనబడక వచ్చినవాడైతే అసలు బండి దిగడు.

కోట పుట్టుక గురించి ఒక కథ ఉంది. బల్లార్షా నుంచి పాలిస్తున్న ఖాండక్యా బల్లాల్ షాకు ఒంటినిండా పుండ్లు, వాపులు. వేటకు వెళ్లి దాహమేసి, ఎండిన ఝర్‌పట్ వాగులో ఒక గుంటలోని నీళ్లు తాగి, కాళ్లూ ముఖమూ కడుక్కుంటే ఆ బాధ తగ్గిందట. ఆ నీటి చోటునే అంచలేశ్వరుడి గుడి వెలసింది. మరొక రోజు అదే ప్రాంతంలో నుదుట తెల్లమచ్చ ఉన్న ఒక కుందేలు రాజుగారి వేటకుక్కను తరుముతూ వంకరటింకరగా పరుగెత్తిందని, రాజు ఇంటికి వెళ్లి ఆ వింత చెబితే రాణి విని, ఆ కుందేలు పరుగెత్తిన జాడ వెంబడే గోడ కట్టించమన్నదని చెబుతారు. వినడానికి కథే. కానీ ఈ ఊరి కథల్లో మూడు సంగతులు గమనించండి: వేట, నీరు, రాణి సలహా. చాందా చరిత్రలో ఈ మూడూ పదేపదే ఎదురవుతాయి.

గోడ ఒక్క రాజు కాలంలో పూర్తయినది కాదు, దానికి తరాలు పట్టింది. దానికి నాలుగు పెద్ద దర్వాజాలు: ఉత్తరాన జట్‌పురా, తూర్పున అంచలేశ్వర్, దక్షిణాన పఠాన్‌పురా, పడమట బింబా. వీటికి తోడు ఐదు చిన్న ద్వారాలు ఉన్నాయి. వాటిని ఖిడ్కీలు అంటారు. జట్‌పురా దర్వాజా కింద నుంచి ఇప్పటికీ ఆటోలు, మోటారు సైకిళ్లు పోతూనే ఉంటాయి కాబట్టి అక్కడ నిలబడి తలెత్తి చూడటం కొంచెం సాహసమే. అయినా ఒక పక్కకు ఒదిగి నిలబడి చూడండి. ద్వారానికి పైభాగాన ఏనుగును అణచిపట్టిన సింహం బొమ్మ చెక్కి ఉంటుంది. అది గోండు రాజుల చిహ్నం. శిల్పి ఏనుగును కావాలనే చిన్నది చేశాడు. సింహం పంజా కింద అది బొమ్మలా ఇమిడిపోయింది. చుట్టూ భారీ శరీరమున్న అడవి దున్నలూ, వాటిని పడగొట్టే పులులూ తిరిగే నేలలో, రాజు తన బలాన్ని చెప్పుకోవడానికి ఎంచుకున్న బొమ్మ అది. మరుసటి రోజు తాడోబాలో అడవి దున్నల మంద దారికి అడ్డంగా వచ్చి జిప్సీని ఆపినప్పుడు ఆ శిల్పం మళ్లీ గుర్తుకు రావాలి.

అంచలేశ్వర్ దర్వాజా దగ్గర కనీసం గంటసేపు ఉండాలి. గుడి బయటి గోడల మీద వరుసలు వరుసలుగా చెక్కిన బొమ్మలున్నాయి. గుడిని ఆనుకునే గోండు రాజుల సమాధులున్నాయి. వాటిలో అన్నిటికన్నా పెద్దది, గుమ్మటంతో ఉన్నది బీర్ షాది. రెండో పెళ్లి వేళ అంగరక్షకుడి చేతిలోనే ఆ రాజు హతుడయ్యాడు. సమాధి కట్టించింది ఆయన భార్య రాణి హిరాయి. ఆమె దత్తుణ్ణి తెచ్చుకుని, 18వ శతాబ్దపు తొలి ఏళ్లలో రాజ్యభారం తానే మోసింది. ఈ అంచలేశ్వరుడి గుడినీ, మహాకాళి గుడినీ ఇప్పటి రూపానికి తెచ్చిన ఘనత ఆమెకే ఇస్తారు. మహాకాళి గుడి గురించి ఇక్కడివారికి నేను చెప్పేదేముంది? చైత్ర పౌర్ణమి జాతరకు నాందేడ్ వైపు నుంచి, తెలంగాణ నుంచి జనం బండ్లు కట్టుకుని, ఇప్పుడైతే లారీల్లో, తరతరాలుగా వస్తున్నారు. అయితే యాత్రకని వచ్చే చుట్టాన్ని ఆ జాతర రోజుల్లో మాత్రం తీసుకుపోకండి. గుడి కాదు కదా, వీధి కూడా కనబడదు.

రాజుల ప్రాసాదం ఏదని అడుగుతారు. ఆ ఆవరణలో ఇప్పుడు జిల్లా జైలు ఉంది. 1858 అక్టోబర్ 21న తమపై తిరగబడిన గోండు జమీందారు బాబూరావ్ పుల్లేశ్వర్ షెడ్మాకేను బ్రిటిషువారు ఉరితీసింది చంద్రాపూర్‌లోనే. 1751లో రాజ్యం నాగపూర్ భోంస్లేల చేతికి, ఆ తరవాత బ్రిటిషువారి చేతికి వెళ్లినా, అడవిలోని జమీందారులు లొంగడానికి మరెంతో కాలం పట్టిందని ఆ తేదీ చెబుతుంది.

మనవాళ్లు తప్పక చూడవలసింది, ఎవరూ చూపించనిది ఇంకొకటి ఉంది: లాల్‌పేట్‌లో ఆరుబయట పడి ఉన్న ఏకశిలా విగ్రహాలు. రాయప్ప అనే కోమటి వర్తకుడు పెద్ద శివాలయం కట్టించాలని సంకల్పించి వీటిని చెక్కించాడని, గుడి లేవకముందే ఆయన కాలం చేశాడని స్థానికులు చెబుతారు. మనిషిని మించిన ప్రమాణాల్లో ఉన్న ఆ రాళ్లలో అనేక తలలున్న ఒక దేవతామూర్తిని జనం రావణుడనే పిలుస్తారు. రాజులు కట్టించినవి నిలిచాయి, వర్తకుడు తలపెట్టినది నేల మీదే ఉండిపోయింది. కానీ గోండుల రాజధానిలో పేరున్న కోమట్లు ఆ రోజుల్లోనే ఉన్నారని ఆ రాళ్లు చూస్తే తెలుస్తుంది.

కోటగోడ మీద పెరిగిన చెట్లను, పేరుకున్న చెత్తను ఎకో-ప్రో అనే స్వచ్ఛంద సంస్థ యువకులు 2017లో నెలల తరబడి తొలగించారు. అంతకుముందు గోడ ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చేది. ఇప్పుడు బురుజుల మీద నడవగలుగుతున్నాము. పొద్దున్నే వెళ్లాలి. చంద్రాపూర్ ఎండ సంగతి మీకు తెలుసు.

ఎండ మాట వచ్చింది కాబట్టి కాలం గురించి చెబుతాను. మే నెలలో నీటిగుంటల దగ్గర పులి కనబడే అవకాశం ఎక్కువన్నది నిజం. కానీ 45 డిగ్రీలు దాటిన ఎండలో ముసలివాళ్లను, పిల్లలను కోటగోడ ఎక్కించలేము. రెండూ కలిపి చూడాలంటే నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మంచిది. వానాకాలంలో, జూలై నుంచి సెప్టెంబర్ చివరి దాకా, అడవి లోపలి భాగం మూసి ఉంటుంది. మంగళవారం వారపు సెలవు. ఇది చూసుకోకుండా టికెట్లు తీసుకున్న చుట్టాలు మన ఇంట్లో ఒక రోజు ఎక్కువ ఉంటారు, అంతే.

రెండవ రోజు తాడోబా. అటవీశాఖ ఆన్‌లైన్ బుకింగ్‌లో ఏ గుర్తింపు కార్డు ఇచ్చారో ఆ కార్డే గేటు దగ్గర చూపాలి. మోహర్లీ, కోలారా, నవేగావ్, ఖుట్వండా, ఝరీ వంటి గేట్లున్నాయి. చంద్రాపూర్ నుంచి వెళ్లేవారికి మోహర్లీ దగ్గర. జిప్సీలో ఆరుగురు, వారితో డ్రైవరు, స్థానిక గైడు. లోపలి భాగంలో సెల్‌ఫోను నిషేధం. మొదట విసుగనిపించినా, అడవిలో అంతకన్నా మంచి నియమం లేదని నా అనుభవం. ఫోను లేనప్పుడే చెవులు పనిచేస్తాయి: కొండముచ్చు చెట్టుకొమ్మ మీద నుంచి ఖేకరించడం, దుప్పి ఉన్నట్టుండి అరవడం వినిపించిన క్షణాన గైడు చెయ్యెత్తి బండి ఆపిస్తాడు. పులి నడిచే దారిని ముందు చెప్పేది ఆ అరుపులే.

ఈ అడవి 1955లో జాతీయ ఉద్యానమైంది, మహారాష్ట్రలో అదే మొదటిది. వేటను 1935లోనే నిషేధించారు. 1986లో అంధారీ అభయారణ్యం ఏర్పడింది. 1995లో రెండూ కలిసి పులుల సంరక్షణ కేంద్రమయ్యాయి. టేకు, వెదురు, నల్లమద్ది, తునికి, ఇప్ప, అక్కడక్కడ తెల్లటి బెరడుతో రాత్రిపూట మెరిసే తపసి చెట్లు: మన ఆదిలాబాద్ అడవి తెలిసినవాడికి ఒక్క చెట్టూ కొత్తది కాదు. పులి ఒక్కదాన్నే వెతికే గైడును కాదు, రేచుకుక్కల గుంపును, ఎలుగుబంటిని, చెరువు గట్టున ఎండకు పడుకున్న మొసలిని కూడా చూపించే గైడును మెచ్చుకోండి. జామ్నీ వంటి ఊళ్లను అడవి బయటికి తరలించిన తరవాత, వాళ్ల పాత పొలాలు గడ్డిమైదానాలయ్యాయి. దుప్పులు అక్కడికి మేతకు చేరతాయి, వాటి వెనక పులి చేరుతుంది. ఆ పచ్చిక చూసి ఆనందించేటప్పుడు అది ఒకరి ఊరు అన్న సంగతి గైడును అడిగి తెలుసుకోవడం మర్యాద. అడవి అంచు పల్లెల్లో ఇప్పపూవుకూ, తునికాకుకూ పోయేవాళ్లకు పులి అంటే నేటికీ ప్రాణభయమే.

ఇక నా వాదనకు రాతి సాక్ష్యం. తాడోబా లోపల, దారి పక్కన, కొంత కొంత దూరానికి ఒక్కొక్కటిగా, మనిషిని మించిన ఎత్తున రాతితో కట్టిన స్తంభాలు కనబడతాయి. వాటి మధ్య తాళ్లు కట్టి, గంటలు వేలాడదీసి, గోండు రాజులు కబురు పంపుకునేవారని గైడ్లు చెబుతారు. రాజు ప్రయాణానికి బయలుదేరితే ముందు మజిలీకి గంట మోగేదట. ఉద్దేశం సరిగ్గా అదే అయినా, దారి గుర్తులే అయినా, ఇవి ఎవరూ తిరగని కీకారణ్యంలో పుట్టినవి కావు. ఇది రాజమార్గం. సాధారణంగా జిప్సీలు ఈ స్తంభాల దగ్గర ఆగవు, ముందుకు పోయి పులి కోసం బారులు తీరుతాయి. ఒక్క నిమిషం ఆపించండి. బండి దిగకూడదు, కూర్చునే చూడవచ్చు: నాచు పట్టిన రాయి, దాని వెనక వెదురు పొద, పొద కింద తాజా పులి అడుగు కూడా ఉండవచ్చు. కోటలో మొదటి రోజు చూసినదీ, అడవిలో రెండో రోజు చూస్తున్నదీ అక్కడ ఒకే చోట కలుస్తాయి.

తాడోబా చెరువు గట్టున తారు అనే గ్రామపెద్ద గుడి ఉంది. పులితో పోరాడి చనిపోయిన ఆ మనిషిని ఆదివాసులు దేవుడిగా కొలుస్తారు, పుష్యమాసంలో జాతర చేస్తారు. ఆ చెరువు ఎండాకాలంలోనూ ఎండదు. రాజు కథలోనూ, గ్రామపెద్ద కథలోనూ నీటి ఒడ్డున మృగం ఎదురవుతుంది. ఒకచోట కోట లేచింది, మరోచోట దేవుడు వెలిశాడు. సాయంత్రం తిరిగి వస్తూ మోహర్లీ దగ్గర ఇరాయి జలాశయాన్ని కూడా చూడండి. అది రాజులది కాదు, థర్మల్ విద్యుత్కేంద్రం కోసం మన కాలంలో కట్టినది.

మూడవ రోజు తేలికగా ఉంచండి. ఉదయం ఓపిక ఉంటే ఇంకొక సఫారీ. లేకపోతే భద్రావతి వెళ్లి విజాసన్ బౌద్ధ గుహలు, జైన మందిరం చూడవచ్చు. మధ్యాహ్నం దాటాక బల్లార్షా చేరి, వార్ధా ఒడ్డున ఉన్న కోటకు వెళ్లండి. చంద్రాపూర్ కన్నా పాతది, శిథిలం, నిర్వహణ అంతంతమాత్రం. బల్లార్షాలో పుట్టి పెరిగినవారిలో కూడా లోపలికి అడుగుపెట్టనివారు ఉన్నారంటే నమ్మాలి. నది వైపు గోడ దగ్గర నిలబడితే అవతలి ఒడ్డున రాజురా నేల కనిపిస్తుంది. అటునుంచే కదా సిర్పూర్ దారి. అక్కడి నుంచి స్టేషను దగ్గరే. చీకటి పడ్డాక కాజీపేట వైపు పోయే బండి ఏది దొరికితే అది ఎక్కించవచ్చు.