ఖాళీ ర్యాక్ బరువెంత?

షెడ్లలో వెల్డింగ్ చేసే మిత్రులకు, ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుల్లో బిల్టీలు, అంటే సరుకు రసీదులు రాసే వారికి నమస్కారం.

ఎనుమాముల మార్కెట్‌కు విడి పత్తితో వచ్చే ట్రాలీలను వరంగల్‌లో చూడనివారు లేరు. చూపుకు కొండంత ఉంటుంది, కాటా మీద అంతగా తూగదు. జిన్నింగ్ మిల్లులో గింజ తీసి, దూదిని నొక్కి 170 కిలోల బేలు కట్టాకే లారీకి తగిన బరువవుతుంది. టెలికాం ర్యాక్, అంటే టెలికాం పరికరాలను బిగించే ఇనుప చట్రాన్ని, విప్పకుండా నిలబెట్టి పంపడం విడి పత్తిని పంపినట్టే. లోపలి గాలికి కిరాయి కడుతున్నాం.

లెక్క వేద్దాం. 60 సెంటీమీటర్ల వెడల్పు, 100 లోతు, 200 ఎత్తు ఉన్న ర్యాక్ సుమారు 42 ఘనపుటడుగులు. ఘనపుటడుగుకు 10 కిలోల చొప్పున కడితే 420 కిలోల పైమాటే. అసలు బరువు 110 కిలోలనుకోండి. ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే కిరాయి. అదే ర్యాక్‌ను విడదీసి 25 సెంటీమీటర్ల మందం కట్టగా చేస్తే పదిన్నర ఘనపుటడుగులే. అప్పుడు 110 కిలోలకే కిరాయి. అమెరికాలో సరుకు తరగతులు నిర్ణయించేటప్పుడు కూడా ముందు చూసేది సాంద్రతనే.

బిల్టీ మీద ‘టెలికాం సామాను’ అని రాయకండి. చూసినవారు లోపల ఖరీదైన యంత్రాలున్నాయనుకుంటారు. ‘ఖాళీ ఇనుప ర్యాక్, విడదీసినది’ అని రాసి, కట్టల సంఖ్య, కొలతలు, బరువు చేర్చండి. ఇన్వాయిస్ మీద సరుకు రకాన్ని తెలిపే హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ పన్ను కోసం. కిరాయి దానితో తేలదు.

ఇక ప్యాకింగ్. ఒక వానాకాలం నేను పంపిన ర్యాక్‌కు తాడును నేరుగా అంచు మీదే బిగించారు. విప్పితే రంగు మీద వేలెడు గీత, దాని అడుగున అప్పటికే ఎర్రటి తుప్పు. నిలువు పట్టీ మూడు మిల్లీమీటర్లు లోపలికి వంగింది. ర్యాక్‌లో బిగించే 19 అంగుళాల వెడల్పు పరికరానికి ఎడమ, కుడి రంధ్రాల మధ్య దూరం 465.1 మిల్లీమీటర్లు. మూడు మిల్లీమీటర్లు తగ్గితే మర ఎక్కదు. ఆ రోజు సైటులో ఒక కుర్రవాడు ఆకురాయితో రంధ్రాలు అరగదీస్తూ మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. అతని వేళ్లు ఇప్పటికీ నా కళ్ల ముందున్నాయి. తప్పు ఎక్కించిన హమాలీలది కాదు. అంచును కాపాడే అట్ట మూల పెట్టకుండా పంపిన నాది.

అందుకే పట్టీలను ఒకదానిలో ఒకటి ఇమిడేలా పేర్చి, మధ్య ఫోమ్ వేయండి. తాడు పడే ప్రతి అంచుకూ అట్ట మూల ఉండాలి. మరలు, ర్యాక్ రంధ్రాల్లో ఇమిడే కేజ్ నట్లు లెక్కపెట్టి సంచిలో వేసి పట్టీకే కట్టండి. అవి పోతే మిగిలినదంతా పాత ఇనుమే. రంగు పూర్తిగా ఆరకముందు పాలిథిన్ చుట్టకండి, తేమ లోపలే ఉండిపోతుంది. విదేశాలకు పంపేవారు ప్యాకింగ్‌కు వాడే చెక్కను 56 డిగ్రీల వద్ద అరగంట వేడి చేసినట్టు ముద్ర చూసి కొనండి.

ఇక్కడ ఒక ర్యాక్ ఉంచాను. దీన్ని ఇప్పుడు విప్పి, కట్టగా కట్టి చూపిస్తాను. వెనుక కూర్చున్నవారు దగ్గరికి రండి, స్పానర్ ఎవరైనా పట్టండి.