ఒకసారి వదిలితే మళ్ళీ పట్టలేం: పెద్ద రీఫ్ ట్యాంక్‌లో ఎవరి పక్కన ఎవరు

అందరికీ నమస్కారం. పెద్ద రీఫ్ ట్యాంక్, అంటే పగడాలతో పాటు సముద్రపు చేపల్ని పెంచే ట్యాంక్, పెట్టుకున్నవాళ్ళు, పెట్టుకోబోతున్నవాళ్ళు ఇక్కడ చాలామందే ఉన్నారు. ఏ చేపకు ఏ చేపతో పడుతుంది, ఏ రొయ్య ఏ చేప నోట్లో పడుతుంది, ఈరోజు దాని గురించే మాట్లాడతాను.

ట్యాంక్ పెద్దదైతే ఎంపికలో పొరపాటు జరిగినా సర్దుకుపోతుందని చాలామంది నమ్మకం. నేను చూసింది దీనికి పూర్తిగా వ్యతిరేకం. 100 లీటర్ల ట్యాంక్‌లో ఒక చేప గొడవ చేస్తుంటే నాలుగు రాళ్ళు పక్కకు తీసి వలతో పట్టేయొచ్చు. అదే 1000 లీటర్ల ట్యాంక్‌లో, రెండేళ్ళుగా పెరిగిన పగడాలు రాళ్ళను కరుచుకుని ఉన్నప్పుడు, వేలెడంత చేపను బయటికి తీయాలంటే రీఫ్ మొత్తం ఊడదీయాల్సి వస్తుంది. అందుకే పెద్ద ట్యాంక్‌లోకి ఏ జీవిని వదిలినా, ఇక దాన్ని తిరిగి తీయలేమని తెలిసే వదలాలి.

నాకు ఈ సంగతి సిక్స్‌లైన్ రాస్ అనే ఒక చిన్న చేప వల్ల తెలిసింది. ఊదా ఒంటి మీద నారింజ చారలతో ఎంత అందంగా ఉంటుందో మీకు తెలుసు. ట్యాంక్ కొత్తగా సిద్ధమైనప్పుడు అందరికంటే ముందు దాన్నే వదిలాను. కొన్ని నెలలు ఏ ఇబ్బందీ లేదు. తర్వాత ఒక ఫైర్‌ఫిష్‌ను తెచ్చాను. తెల్లటి ముందు భాగం, ఎర్రటి తోక, వీపు మీద పొడవాటి రెక్కను మాటిమాటికీ ఎత్తి దించుతూ రాతి కన్నం ముందు నిలబడేది. సిక్స్‌లైన్ దాన్ని ఒక్కసారి కూడా కొరకలేదు. ఫైర్‌ఫిష్ కన్నంలోంచి రెండంగుళాలు బయటికి వస్తే చాలు, పక్కనుంచి దూసుకొచ్చి ఎదురుగా నిలబడేది, అంతే. మూడో రోజు ఫైర్‌ఫిష్ మేతకు రాలేదు. నాలుగో రోజు పొద్దున స్టాండ్ వెనక నేల మీద ఎండిపోయి కనిపించింది. పైప్ వచ్చే చోట మూతలో రెండు వేళ్ళ సందు ఉంది, అందులోంచి దూకింది. ఆ రాస్‌ను పట్టడానికి మేత పెట్టిన యాక్రిలిక్ ఉచ్చుతో నాకు ఆరు వారాలు పట్టింది. తప్పు దానిది కాదు. తన ఇంట్లోకి కొత్తవాళ్ళొస్తే ఆ జాతి చేప ఏం చేస్తుందో అదే చేసింది. దాన్ని ముందు వదిలింది నేను.

సముద్రంలో ఓడిపోయిన చేప పక్క రాయికి వెళ్ళిపోతుంది. ట్యాంక్‌లో ఎటు వెళ్ళినా నాలుగు గాజు గోడలే. గెలిచినవాడి కళ్ళ ముందే బతకాలి. మనం చేసే ఎంపికలన్నిటి వెనకా ఉండాల్సిన ఆలోచన ఇది.

ఏ చేపనైనా చూసినప్పుడు నేను ముందుగా గమనించేది దాని నోరు. లయన్‌ఫిష్ నోట్లో పట్టేదేదైనా దానికి మేతే. ట్రిగ్గర్ చేపల్లో చాలావాటి దవడలు పీతల్ని, నత్తల్ని చితక్కొట్టడానికే పుట్టినట్టుంటాయి. హాక్‌ఫిష్ పగడం కొమ్మ మీద బుద్ధిగా కూర్చుని కనిపిస్తుంది కానీ, చిన్న రొయ్యలు దాని కంటపడితే మిగలవు. సీతాకోకచిలుక చేపల్లో ఎక్కువ భాగం పగడాల పాలిప్‌లను, అంటే పగడంలోని చిన్న చిన్న జీవుల్ని, పొడుచుకు తినేవే. మరుగుజ్జు ఏంజెల్ చేపల విషయంలో మాత్రం జాతిని బట్టి హామీ ఇవ్వలేం. ఒక ఫ్లేమ్ ఏంజెల్ ఏళ్ళ తరబడి పగడాల జోలికి పోదు, అదే జాతిలో ఇంకొకటి వారంలోనే పెద్ద ఆల్చిప్ప అంచును కొరకడం మొదలుపెడుతుంది. ట్రిడాక్నా ఆల్చిప్పలు మీకు ప్రాణమైతే ఏంజెల్‌లు వద్దనే చెబుతాను.

తర్వాత ఒడ్డూ పొడవూ. బ్లూ టాంగ్ పిల్ల నాణెమంత ఉన్నప్పుడు అమ్ముతారు. అది పెరిగి 30 సెంటీమీటర్ల దాకా వస్తుంది, రోజంతా ఈదుతూనే ఉంటుంది. దానికి లీటర్ల లెక్క కంటే ట్యాంక్ పొడవు ముఖ్యం. టాంగ్‌ల తోక మొదట్లో కత్తిలాంటి ముల్లు ఉంటుంది, గొడవ పడితే తోక విసిరి దానితోనే కోస్తాయి. ఎక్కువగా తమ ఆకారంలో ఉన్నవాటితోనే కొట్లాడతాయి. యెల్లో టాంగ్, పర్పుల్ టాంగ్, సెయిల్‌ఫిన్, ఈ మూడూ ఒకే ప్రజాతివి, ఒకదానికొకటి పోటీగానే కనిపిస్తాయి. రెండు టాంగ్‌లు కావాలంటే వేరువేరు ఆకారాలవి ఎంచుకుని, రెంటినీ ఒకే రోజు వదలండి.

వదిలే వరుస దగ్గర చాలా ట్యాంక్‌లు పాడవుతాయి. కార్డినల్‌లు, ఫైర్‌ఫిష్, గోబీల్లాంటి బెదురు చేపలు ముందు. అవి రాళ్ళల్లో చోటు చూసుకుని ధైర్యంగా మేతకు రావడం మొదలయ్యాక ఫెయిరీ రాస్‌లు, ఆంథియాస్‌లు. ఆ తర్వాత టాంగ్‌లు. సిక్స్‌లైన్, డాటీబ్యాక్, మెరూన్ క్లౌన్ లాంటివి కావాల్సిందేనంటే అన్నిటికంటే చివర. కొత్త చేపను నేరుగా వదలకుండా చిల్లులున్న పారదర్శకమైన పెట్టెలో పెట్టి, కొన్ని రోజులు ట్యాంక్ లోపలే వేలాడదీస్తే పాతవాటి కోపం చాలావరకు ఆ పెట్టె గోడల మీదే తీరిపోతుంది. క్లౌన్ ఫిష్‌లను జంటగా తెచ్చుకునేవాళ్ళు రెండు పిల్లల్ని తెచ్చుకోండి. అన్నీ మగవిగానే ఎదుగుతాయి, రెంట్లో పెద్దది ఆడదిగా మారుతుంది. జంట కుదిరాక మూడోదాన్ని వదిలితే దాన్ని బతకనివ్వవు.

గొడవలే కాదు, ఆకలి కూడా ప్రాణం తీస్తుంది. మాండరిన్ చేప దీనికి పెద్ద ఉదాహరణ, ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. దాన్ని ఒక పది నిమిషాలు దగ్గర కూర్చుని చూడండి. రాతి మీద నెమ్మదిగా జరుగుతూ, ఆగి, మనకు కనిపించని దేన్నో టుక్కున పొడుస్తుంది. మళ్ళీ జరుగుతుంది, మళ్ళీ పొడుస్తుంది. అది ఏరుకునేది కోపెపాడ్‌లనే అతి చిన్న జీవుల్ని, పొద్దుటి నుంచి చీకటి పడేదాకా అదే పని. ట్యాంక్ పెద్దదైనంత మాత్రాన కోపెపాడ్‌లు పుట్టవు. కనీసం ఏడాది నిండిన ట్యాంక్, బోలెడంత లైవ్ రాక్ (సూక్ష్మజీవులు కాపురమున్న రాయి), పక్కన నాచు పెంచే చిన్న తొట్టి, అంటే రెఫ్యూజియం, ఉండాలి. అదే మేత తినే రాస్‌లు ఉండకూడదు. పొట్ట లోపలికి నొక్కుకుపోయిన మాండరిన్‌ను జాలిపడి కూడా తెచ్చుకోకండి, కోలుకోవడం చాలా కష్టం. క్లీనర్ రాస్‌ను ఎవరూ ఇంటికి తేకుండా ఉంటే నాకు సంతోషం. ఇతర చేపల ఒంటి మీది పరాన్నజీవులు, జిగురు తిని బతికే చేప అది, ఇంటి ట్యాంక్‌లో దానికి అన్ని ఒళ్ళు దొరకవు. ఆ పని చూడాలనుంటే క్లీనర్ రొయ్య తెచ్చుకోండి. మేత ఏది వేసినా తింటుంది, చేపలు దగ్గరికొస్తే వాటి మీదికెక్కి శుభ్రం చేస్తుంది.

ఇక వెన్నెముక లేని జీవులు. వీటిలో నాకు అన్నిటికంటే ఇష్టం పిస్టల్ రొయ్య, వాచ్‌మన్ గోబీ జోడీ. రొయ్యకు చూపు సరిగా ఆనదు. పొద్దస్తమానం ఇసుక తవ్వి, దోసిలితో తోసినట్టు బొరియ బయటికి తోస్తుంటుంది. గోబీ గుమ్మం ముందు కూర్చుంటుంది. రొయ్య బయటికొచ్చిన ప్రతిసారీ ఒక మీసం గోబీ ఒంటి మీద ఆనించే ఉంచుతుంది. గోబీ తోక చిన్నగా వణికించిందా, ఇద్దరూ ఒక్క క్షణంలో లోపల ఉంటారు. ఈ జోడీని పెట్టేవాళ్ళు రాళ్ళను ఇసుక మీద కాకుండా ట్యాంక్ అడుగు మీదే ఆనించి కట్టండి, లేకపోతే తవ్వకానికి రాళ్ళు కూలతాయి.

నత్తలు ఎంచుకునేటప్పుడు ట్రోకస్‌కు నా ఓటు, వెల్లకిలా పడినా తిరిగి లేవగలదు. ఆస్ట్రేయా నత్త ఇసుక మీద తిరగబడితే అలాగే చనిపోతుంది. హెర్మిట్ పీతలు గుల్ల కోసం నత్తల్ని చంపుతాయి, వాటిని పెడితే పెద్ద ఖాళీ గుల్లలు కూడా పెట్టండి. హార్లెక్విన్ రొయ్య తినేది నక్షత్ర చేపల్నే, వాటిని ఎప్పటికీ సమకూర్చగలిగితేనే దాని వైపు చూడండి.

పగడాలు కదలవు కాబట్టి కొట్టుకోవనుకోకండి. గాలాక్సియా అనే గట్టి పగడం రాత్రిపూట 15 సెంటీమీటర్లకు పైగా టెంటకిల్స్ (కుట్టే పోగులు) చాచి పక్కవాటిని కాలుస్తుంది. లెదర్ కోరల్ అనే మెత్తటి పగడం నీళ్ళలోకి రసాయనాలు వదిలి గట్టి పగడాల ఎదుగుదలను అణచివేస్తుంది. మెత్తటివీ గట్టివీ ఒకే ట్యాంక్‌లో ఉంటే ఆ రసాయనాలను పీల్చే యాక్టివేటెడ్ కార్బన్ మానకండి. పగడాలకు చుట్టమైన మెత్తటి జీవి ఎనిమోన్‌కైతే కాళ్ళున్నట్టే లెక్క, నచ్చిన చోటు దొరికేదాకా తిరుగుతుంది, దారిలో పగడాల్ని కాలుస్తుంది, పంపులో ఇరుక్కుని నలిగిపోతే ట్యాంక్ అంతా విషమవుతుంది. పంపులకు జాలీలు పెట్టకుండా ఎనిమోన్ తేవద్దు. జోయాంథిడ్‌లనే పగడాల్లాంటి జీవుల్లో కొన్నిటికి పాలిటాక్సిన్ అనే విషం ఉంటుంది, అది మనుషులకూ ప్రమాదమే. కోసేటప్పుడు చేతులకు గ్లోవ్స్, కళ్ళకు అద్దాలు తప్పనిసరి. అవి పెరిగిన రాళ్ళను వేడినీళ్ళలో ఉడికించకండి.

క్వారంటైన్ సంగతి చెప్పి ముగిస్తాను. తెల్లమచ్చల జబ్బుకు బాగా పనిచేసే మందు రాగి. అదే రాగి రొయ్యలకు, నత్తలకు, పగడాలకు ప్రాణాంతకం. అంటే జబ్బు రీఫ్‌లోకి వచ్చాక అక్కడ ఆ మందు వేయలేం. చేపలన్నిటినీ బయటికి తీసి, రీఫ్‌ను రెండు నెలలకు పైగా చేపల్లేకుండా ఉంచాలి. అన్నిటినీ పట్టడం ఎంత పనో మొదట్లోనే చెప్పాను. కొత్త చేపను 4 నుంచి 6 వారాలు వేరే ట్యాంక్‌లో పెట్టడం దానిముందు చాలా తేలిక. పైగా అది మీ చేతి మేతకు అలవాటు పడి, ఒళ్ళు చేసి, బలంగా రీఫ్‌లోకి వెళ్తుంది.

మీలో కొందరు జాబితాలు రాసుకుని వచ్చారు. ఇక వాటిని చూద్దాం. పేర్లతో పాటు మీ ట్యాంక్ పొడవు ఎంతో, లోపల ఇప్పటికే ఎవరున్నారో, ఏ వరుసలో వచ్చారో కూడా చెప్పండి.