స్పీకర్లు గరగరలాడుతున్నాయా? కొత్తవి కొనకముందు ఇది చూడండి

ఆయ్, నమస్కారమండి. అమలాపురం నుంచి మాట్లాడుతున్నాను. కంప్యూటర్లో పాట పెడితే గొంతు బరబరా, గరగరా వస్తోంది. షాపుకి పట్టుకెళ్తే "ఫార్మాట్ కొట్టేద్దామండి" అంటారు. వద్దండి, ఆగండి. రోగం స్పీకర్లదా, కంప్యూటర్‌దా, ముందు అది తేల్చుకుందాం.

ఇదిగో, స్పీకర్ పిన్ను పీకి పాత ఫోన్‌కి పెడుతున్నాను. వింటున్నారా? శుభ్రంగా ఉంది. అంటే స్పీకర్లు మంచివే. ఫోన్‌లోనూ గరగరే వస్తే, ఇప్పుడు చెప్పబోయేట్టు పిన్ను తుడిచి చూడండి; అయినా పోకపోతే వైరు గానీ స్పీకర్ గానీ పోయినట్టే, మిగతా వీడియోతో మీకు పనిలేదు.

పిన్ను ఒకసారి దగ్గరగా చూడండి. ఇక్కడ, ఈ నల్ల గీతల మధ్య, పచ్చగా చిలుము. మన చెమ్మ గాలికి ఇది మామూలే, అంతర్వేది వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. దూది పుల్లకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడవండి. మెడికల్ షాపులో అడగండి. కిరసనాయిలు మాత్రం వద్దండి బాబూ. ఆరాక ఆకుపచ్చ రంధ్రంలో పెట్టండి, గులాబీది మైకుకి.

పాటలకీ సినిమాలకీ వీఎల్‌సీ ప్లేయర్ వాడేవాళ్ళు, వాల్యూమ్ 100 దాటించకండి. అది 125 దాకా పోతుంది, కానీ 100 దాటితే ధ్వని తరంగం పైభాగం తెగిపోవచ్చు. ఆ తెగిందే మనకి గరగర. సౌండ్ చాలకపోతే స్పీకర్ నాబ్ తిప్పుకోండి.

సరే, ఇప్పుడు అసలు సంగతి. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, ఎం ఎం ఎస్ వై ఎస్ డాట్ సి పి ఎల్ అని కొట్టి ఎంటర్. సెట్టింగ్స్‌లో వెతుక్కుంటూ కూర్చోడం నావల్ల కాదండి, నాకిదే ఇష్టం. ప్లేబ్యాక్ లిస్టు వచ్చిందా? తొందరపడకండి, ఇక్కడే అందరూ బోల్తా పడేది. స్పీకర్స్ ఉంది, హెడ్‌ఫోన్స్ ఉంది, హెచ్‌డీఎంఐ మానిటర్ కూడా ఉంది. సెట్టింగు దేనికది వేరు. మానిటర్‌ది మార్చి స్పీకర్లు బాగుపడలేదంటే ఎలా బాగుపడతాయండి? పాట పెట్టి చూడండి, పక్కన పచ్చ గీతలు ఎగురుతున్నాయే, అదీ మీది. దాని మీద రెండుసార్లు నొక్కండి. ఎన్‌హాన్స్‌మెంట్స్ ట్యాబ్ ఉంటే అన్నీ ఆపేయండి: బాస్ బూస్ట్, లౌడ్‌నెస్, గట్రా. ఆ ట్యాబ్ లేదా? అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో అడుగున ఎనేబుల్ ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ అని టిక్కు ఉంటుంది, తీసేయండి. అక్కడే పైన డిఫాల్ట్ ఫార్మాట్. 16 బిట్, 48000 హెర్ట్జ్ పెట్టండి. 192000 పెడితే ఇంకా బాగా వినిపిస్తుందనుకోకండి, సినిమాల ఆడియో ఎక్కువగా 48000లోనే ఉంటుంది. అప్లై. పక్కనే టెస్ట్. ఆఁ, ఇప్పుడు వినండి.

బ్లూటూత్ హెడ్‌సెట్ వాళ్ళకి ఒక్క మాట. మీటింగ్‌లో మైకు ఆన్ చేయగానే సౌండ్ ఫోన్ గొంతులా అయిపోతే అది రిపేరు కాదు, ఫోన్ కాల్స్ కోసం ఉండే హ్యాండ్స్‌ఫ్రీ మోడ్‌కి మారిందంతే. మైకు వేరేది పెట్టుకోండి.

ఇంకా బుయ్యిమని ఒకటే మోతా? ల్యాప్‌టాప్ ఛార్జర్ తీసి చూడండి. ఆగిపోయిందంటే అనుమానం ఎర్తింగ్ మీదే. పాత ఇళ్ళలో ప్లగ్గు మూడో రంధ్రానికి అసలు వైరే ఉండదు. ఉన్నా, ఎర్త్ గుంటలో ఉప్పూ బొగ్గూ వేసి ఏళ్ళయి ఉంటుంది. ఎండాకాలం దాన్లో బకెట్ నీళ్ళు పోస్తుండండి. వైరు పని మాత్రం ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చేయించండి. మోత పోతుంది కదా అని ప్లగ్గు లావు పిన్ను విరగ్గొట్టేవాళ్ళున్నారు. అలా చేస్తే షాక్ కొట్టే ప్రమాదం ఉందండి.