పదివేల రూపాయలు, పదకొండింటి మీటింగు

శ్రోతలకు నమస్కారం.

108 అంటే తెలియనివాళ్ళు మన రెండు రాష్ట్రాల్లో ఉండరు. ఆ బండి 2005లో వచ్చింది. అదే ఏడాది మొదలైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ కింద ఊరూరికీ ఒక కమిటీ కూడా వచ్చింది. గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషకాహార కమిటీ అని దాని పేరు. మీ ఊరి కమిటీలో ఎవరెవరున్నారో చెప్పగలరా? చాలామంది చెప్పలేరు. నా బాధంతా అదే.

పార్వతీపురం మన్యంలో కొండల మీది ఊళ్ళను గిరిశిఖర గ్రామాలంటారు. ఫోన్ చేస్తే 108 వస్తుంది, కానీ రోడ్డు ఆగినచోట బండీ ఆగిపోతుంది. అక్కడిదాకా డోలీయే దిక్కు. పొడవాటి కర్రకు దుప్పటి కట్టి, నొప్పులు పడుతున్న మనిషిని అందులో పడుకోబెట్టి, ముందొకరు వెనకొకరు భుజాన మోస్తారు. వాగు పొంగిందంటే తగ్గేదాకా ఒడ్డునే.

ఆ బాధ తప్పించాలని 2018లో సాలూరులో గిరిజన గర్భిణులకు వసతి గృహం తెరిచారు. నొప్పులు రాకముందే దిగివచ్చి, కాన్పయ్యేదాకా ఉండొచ్చు. చాలా మంచి పని. అయితే కొండ దిగడం ఆమె ఒక్కదాని చేతిలో లేదు. పెద్దబిడ్డను ఎవరు చూస్తారు? పోడు పనికి ఎవరు పోతారు? సవర తప్ప మరో భాష రాని అత్తకు నర్సు మాట ఎవరు చెబుతారు? ఆఫీసులో కూర్చుంటే ఇవి తోచవు. ఆమెనే అడగాలి.

కమిటీ పెట్టింది అలా అడగడానికే. ఏటా 10,000 రూపాయల వరకు ఇచ్చి, దేనికి ఖర్చు పెట్టాలో ఊరే తేల్చుకోవాలన్నారు. సభ్యుల్లో సగం మంది ఆడవాళ్ళుండాలని, శివారు పల్లెలకూ చోటుండాలని రాశారు. కానీ మీటింగు పొద్దున పదకొండింటికి పంచాయతీ ఆఫీసులో పెడితే, కూలికి పోయే మనిషి ఎలా వస్తుంది? చివరికి రిజిస్టరే ఆమె గడపకు వెళుతుంది, వేలిముద్ర పడుతుంది. డబ్బు నడి ఊళ్ళో బ్లీచింగ్ పౌడరుకు అయిపోతుంది. శివారు బోరు చుట్టూ మురుగు అలాగే ఉంటుంది. అందరికీ సమానంగా పంచితే న్యాయమే అనిపిస్తుంది గానీ, ఆస్పత్రికి ఎవరు ఎంత దూరమో, వాళ్ళ మాట అంత ముందు వినాలి.

ఈ వారం ఆశా కార్యకర్త కనిపిస్తే, ఈ నెల మీటింగు ఎప్పుడో, ఎక్కడో అడగండి. సాయంత్రం పనుల నుంచి తిరిగొచ్చాక, ఆ శివారు బోరు దగ్గరే పెట్టమనండి. పిల్లల్ని చంకనేసుకునైనా వస్తారు.

సెలవు.