ఒప్పందం నెల వచ్చిందంటే నిద్ర పట్టదు

యాంకర్: విజయవాడ స్టూడియో నుంచి మాట్లాడుతున్నాం, కార్మిక కేసులు చూసే లాయరు గారు మనతో ఉన్నారు. హలో, చెప్పండి, ఎక్కడి నుంచి?

కాలర్: నమస్కారమండీ, గుంటూరు నుంచి. మిర్చి కోల్డ్ స్టోరేజీలో కాంట్రాక్టరు కింద చేస్తానండీ, వచ్చే టిక్కీల, అంటే మిర్చి బస్తాల, లెక్క రాయడం నా పని. సీజన్లో రోజుకు 12 గంటలు నిలబడ్డా ఇంటికెళ్తే ఒళ్లు తెలియకుండా నిద్రపట్టేది. ఇప్పుడు పని తగ్గింది, నిద్ర పోయింది. వచ్చే నెలతో ఆరు నెలల ఒప్పందం అయిపోతుంది, మళ్లీ రాస్తాడో లేదో ఆఖరి రోజు దాకా చెప్పడు. పిల్లల మీద ఊరికే అరుస్తున్నాను. మా ఆవిడేమో ఇంత టెన్షన్ ఎందుకు, మానేయండి అంటోంది. ఇది జబ్బా మేడం?

లాయరు: జబ్బో కాదో డాక్టరు గారు చూసి చెప్పాలండీ, తప్పకుండా చూపించుకోండి. మానేసే మాట మాత్రం ఇప్పుడే వద్దు, ఎందుకో చెబుతాను. మీరే అన్నారు చూడండి, పని ఎక్కువున్నప్పుడు నిద్రపట్టిందని. మిమ్మల్ని తినేస్తున్నది పని కాదు, రేపేమవుతుందోనన్న భయం. జర్మనీలో పనిచేసిన సీగ్రిస్ట్ అనే సామాజిక శాస్త్రవేత్త 1996లో చెప్పింది ఇదే: మనిషి పెట్టే కష్టానికి తగ్గ ప్రతిఫలం రాకపోతే ఒత్తిడి పుడుతుంది, ప్రతిఫలమంటే జీతం ఒక్కటే కాదు, మర్యాద, ఉద్యోగం నిలుస్తుందన్న ధీమా కూడా. మీకు ఆ ధీమా ఆరు నెలలకోసారి పోతోంది.

యాంకర్: అయితే ఎవరినీ తీసేయకుండా గట్టి చట్టం పెడితే సరిపోతుంది కదా?

లాయరు: నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. ఐరోపాలో 12 దేశాల ఉద్యోగుల మీద చేసిన ఒక అధ్యయనం 2009లో వచ్చింది, అందులో నిరుద్యోగ భృతి బాగా ఇచ్చే దేశాల్లో జనం నిబ్బరంగా ఉన్నారు, తొలగింపును అడ్డుకునే చట్టాలు కఠినంగా ఉన్నచోట భయం ఎక్కువగా కనిపించింది. నాకు అర్థమైనంతలో, లోపలున్నవాడికి గోడ కట్టారు సరే, బయటపడితే మళ్లీ లోపలికి రావడం కష్టం, మీలాంటి కాంట్రాక్టు మనిషైతే ఆ గోడకు ఎప్పుడూ అవతలే. డెన్మార్క్‌లో తీసేయడం తేలికే, కానీ నిరుద్యోగ నిధిలో సభ్యుడైతే పాత జీతంలో 90 శాతం దాకా, ఒక పరిమితికి లోబడి, రెండేళ్ల వరకు భృతి వస్తుంది, కొత్త పని నేర్పిస్తారు కూడా. అలాంటివాడు సూపర్‌వైజరు ముందు నోరు తెరిచి "ఇది నా వల్ల కాదు" అనగలడు. మన దగ్గర అనగలడా? అలాగని దీన్ని పట్టుకుని చట్టాలు ఎత్తేయమంటే నేను ఒప్పుకోను, భృతి ఇవ్వకుండా తీసేయడం మాత్రం తేలిక చేస్తే మిగిలేది ఒట్టి భయమే.

కాలర్: మనకేమీ లేదా మేడం?

లాయరు: ఉంది, చిన్నదైనా ఉంది. మీ జీతంలో ఈఎస్ఐ, అదే ఉద్యోగుల ప్రభుత్వ బీమా, కోస్తున్నారా?

కాలర్: కోస్తున్నారండీ. జీతం 17,000. మూడేళ్లుగా.

లాయరు: మంచిది. 2018లో ఈఎస్ఐ వాళ్లు అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన పెట్టారు. పని పోతే సగటు జీతంలో సగం, 90 రోజుల వరకు, జీవితంలో ఒక్కసారి. మీ లెక్కన నెలకు ఎనిమిది వేల అయిదొందల దాకా. రెండేళ్లయినా ఈఎస్ఐ కింద ఉండాలి, చందా రోజుల లెక్క కూడా చూస్తారు. తప్పు చేశాడని తీసేసినా, స్వచ్ఛంద విరమణ అయినా రాదు, అందుకే తొందరపడి నేనే మానేస్తున్నానన్న కాగితం మీద సంతకం పెట్టకండి. దీని గడువు పొడిగిస్తూ వస్తున్నారు కాబట్టి ఇప్పుడు అమల్లో ఉందో లేదో ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసులో ముందే అడగండి. నిజం చెప్పాలంటే మూడు నెలల సగం జీతంతో ఇల్లు గడవదు, కానీ ఉందని తెలిస్తే కొంచెం ఊపిరాడుతుంది. ఇంకో మాట, ఒప్పందానికీ ఒప్పందానికీ మధ్య నాలుగు రోజులు ఆపుతారా?

కాలర్: ఆపుతారండీ, బ్రేక్ అంటారు.

లాయరు: ఆ తేదీలు రాసిపెట్టుకోండి. ఏడాదిలో 240 రోజులు చేసినవాడిని తీసేస్తే ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున పరిహారం ఇవ్వాలన్నది పాత చట్టం నుంచీ ఉన్న మాట, ఆ లెక్క తెగ్గొట్టడానికే చాలాచోట్ల ఈ బ్రేకులు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక చట్టాల, అంటే లేబర్ కోడ్‌ల, ప్రకారం నియామక పత్రం ఇవ్వాలి, అది అడగండి. రాత్రి మరీ మనసు బాగోకపోతే 14416కి ఫోన్ చేయండి, టెలీ మానస్ అని మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. మీ ఒప్పందం కాగితం మీ దగ్గరుందా?

కాలర్: లేదండీ, ఎప్పుడూ ఇవ్వలేదు, కాంట్రాక్టరు దగ్గరే ఉంటుంది.

లాయరు: ఈసారి సంతకం పెట్టేటప్పుడు అక్కడే ఫొటో తీసుకోండి. ఇవ్వనంటే ఆ రోజు తేదీ వేసి రాసిపెట్టుకుని నాకు మళ్లీ ఫోన్ చేయండి.

కాలర్: చేస్తానండీ. మా ఆవిడ వింటూనే ఉంది.