'బాగానే ఉన్నారు కదా' అని రాసి ఫండింగ్ కాదన్నారు: నర్సింగ్ హోమ్ ఖర్చు, అప్పీల్ – స్టూడియో చర్చ

(ఇంగ్లండ్‌లో ఉంటున్న తెలుగు కుటుంబాల కోసం జరిపిన చర్చ ఇది. పాల్గొన్నవారు: కేర్ ఫండింగ్ కేసులు చూసే సొలిసిటర్, ఒకప్పుడు ఎన్‌హెచ్‌ఎస్ (అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ) తరఫున అసెస్‌మెంట్లు చేసిన నర్సు, తండ్రి కోసం అప్పీల్‌కు వెళ్లిన ఒక కూతురు.)

సమన్వయకర్త: నమస్కారం. అమ్మనో నాన్ననో నర్సింగ్ హోమ్‌లో చేర్చక తప్పలేదు. వారం తిరిగేసరికి బిల్లు వచ్చి కూర్చుంటోంది. ఆ ఖర్చు మొత్తం ఎన్‌హెచ్‌ఎస్సే భరించే ఏర్పాటు ఒకటుంది. కంటిన్యూయింగ్ హెల్త్‌కేర్ అంటారు, పొట్టిగా సీహెచ్‌సీ. అడిగితే కాదన్నారు, మరి తర్వాత ఏం చేయాలి? సొలిసిటర్ గారూ, ఇల్లూ వాకిలీ ఉన్నవాళ్లకు ఇది రాదంటారే?

సొలిసిటర్: ఆ మాట నమ్మి అడగనివాళ్లే ఎక్కువండీ. ఆస్తి లెక్క చూసేది స్థానిక కౌన్సిల్. 23,250 పౌండ్లకు మించి ఉంటే కౌన్సిల్ చెయ్యి వేయదు, మొత్తం మీరే కట్టుకోవాలి. 2010 నుంచి ఆ అంకె కదల్లేదు. భార్యో భర్తో అందులో ఉండకపోతే, సాధారణంగా ఇల్లు కూడా ఆ లెక్కలోకి వస్తుంది. సీహెచ్‌సీకి ఈ గొడవే లేదు. ఎంత ఆస్తి ఉన్నా సరే, మనిషికున్నది ప్రధానంగా ఆరోగ్య అవసరమేనని తేలితే ఎన్‌హెచ్‌ఎస్సే కడుతుంది. అయితే జబ్బు పేరు చూసి ఇవ్వరు. 'డిమెన్షియా ఉంది కాబట్టి ఇవ్వండి' అని రాసిన అప్పీల్ ఎక్కువ దూరం పోదు.

కూతురు: మా చుట్టాలంతా అదే అన్నారు. పార్కిన్సన్స్, దాని మీద డిమెన్షియా, ఇంకేం కావాలి అని.

నర్సు: జబ్బు వల్ల రోజూ ఏం చేయాల్సి వస్తోందన్నదే మేం చూసేది. ముందు చెక్‌లిస్ట్ అనే తొలి వడపోత ఉంటుంది, అది దాటితే పూర్తి అసెస్‌మెంట్. కనీసం ఇద్దరు ప్రొఫెషనల్స్ కూర్చుని డెసిషన్ సపోర్ట్ టూల్ అనే పెద్ద ఫారం నింపుతారు. శ్వాస, తిండి, మలమూత్రాలు, చర్మం, కదలిక, మాట, మానసిక స్థితి, జ్ఞాపకశక్తి, ప్రవర్తన, మందులు, స్పృహ తప్పడం, ఇవి కాక మరేవైనా ఉంటే అవి. మొత్తం 12. ప్రతిదానికీ ఒక స్థాయి వేస్తారు. ఎక్కడైనా ఒక 'ప్రయారిటీ' (అన్నిటికన్నా పై స్థాయి) పడినా, రెండు చోట్ల 'సివియర్' (దాని కింది స్థాయి) పడినా అర్హత ఉందనే సిఫారసు రావాలి. అవి లేకపోతే ఆ అవసరాల స్వభావం, తీవ్రత, సంక్లిష్టత, ఎప్పుడేమవుతుందో తెలియనితనం... ఈ నాలుగూ కలిపి చూడాలి. గొడవలన్నీ ఇక్కడే పుడతాయి.

సమన్వయకర్త: మీ నాన్నగారి విషయంలో ఎక్కడ పుట్టింది?

కూతురు: ప్రవర్తన దగ్గరండీ. నాన్న ఎవరొచ్చినా నవ్వుతారు. ఎలా ఉన్నారని అడిగితే 'ఫైన్, ఫైన్' అంటారు. ఇంగ్లీషులో ఆయనకు మిగిలింది ఆ ఒక్క మాటే, మిగతాదంతా ఎప్పుడో తెలుగులోకి వెళ్లిపోయింది. మీటింగ్ రోజు అసెస్‌మెంట్ చేసినామె 'ప్రశాంతంగా, సహకరిస్తూ ఉన్నారు' అని రాసుకున్నారు. హోమ్ డైలీ నోట్స్‌లోనూ అదే ఉంది. నిర్ణయం వచ్చాక నేను మందుల చార్ట్ కూడా తెప్పించుకుని రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాను. డైలీ నోట్స్‌లో 'రాత్రి బాగా నిద్రపోయారు' అని ఉన్న రోజే, మందుల చార్ట్‌లో రాత్రి రెండున్నరకు అవసరమైతేనే ఇచ్చే లొరాజెపామ్ అనే మత్తు మందు ఇచ్చినట్టు సంతకం ఉంది. దాని కింద బట్టలు మార్చడానికి ముగ్గురు పట్టుకోవాల్సి వచ్చిందని చిన్న అక్షరాల్లో రాసి ఉంది. పొద్దున్న డ్యూటీకి వచ్చినవాళ్లు ఆయన పడుకుని ఉండటం చూసి 'బాగా నిద్రపోయారు' అని రాశారు.

నర్సు: ఇది నేనూ చూశాను. కేర్ హోమ్ సిబ్బంది అబద్ధం రాయరు. మనిషి కుదురుగా ఉంటే అది తమ పనితనం అనుకుంటారు, అదే రాస్తారు. అసెసర్‌కు ఉండే టైమ్‌లో ఆ ఒక్క ఫైలే తిరగేస్తే...

సొలిసిటర్: క్షమించాలి, మిగతా ఫైళ్లూ తిరగేయాల్సిందే కదండీ? జాతీయ మార్గదర్శకాల్లోనే ఉంది, బాగా చూసుకుంటున్నంత మాత్రాన అవసరం పోయినట్టు కాదని. ముగ్గురు పట్టుకుంటే కుదురుగా ఉన్నారంటే ఆ ముగ్గురూ అవసరమనే అర్థం.

నర్సు: కాదనను. కానీ అదే పేరాలో ఇంకో మాట కూడా ఉంది. చికిత్స వల్ల ఆ అవసరం శాశ్వతంగా తగ్గిపోతే దాన్ని లెక్కలోకి తీసుకోవచ్చు. మందు మార్చాక ఆరు నెలలుగా ఒక్క ఘటన కూడా లేకపోతే ఏం వేయమంటారు? కుటుంబాలు ఈ సగం చదవవు.

సమన్వయకర్త: మరి అప్పీల్ దారి ఎలా ఉంటుంది?

సొలిసిటర్: మూడు మెట్లు. నిర్ణయం మీ చేతికి వచ్చిన నాటి నుంచి ఆరు నెలల్లోపు మీ ప్రాంత ఐసీబీకి, అంటే ఇంటిగ్రేటెడ్ కేర్ బోర్డుకు, మళ్లీ చూడమని రాయాలి. 2022 జులై దాకా ఈ పని సీసీజీలనే పాత సంస్థలది, పాత కాగితాల్లో ఆ పేరే ఉంటుంది, కంగారు పడకండి. అక్కడా కాదంటే మరో ఆరు నెలల్లోపు ఎన్‌హెచ్‌ఎస్ ఇంగ్లండ్ వేసే ఇండిపెండెంట్ రివ్యూ ప్యానెల్. అదీ కాదంటే ఫిర్యాదులు విచారించే పార్లమెంటరీ అండ్ హెల్త్ సర్వీస్ అంబుడ్స్‌మన్. ఏ మెట్టుకూ ఫీజు లేదు, లాయర్ ఉండి తీరాలనీ లేదు. ఇది నా వృత్తికి నష్టమే అనుకోండి! బీకన్ అనే సంస్థ ఉచితంగా సలహా ఇస్తుంది, ముందు అక్కడ మాట్లాడండి.

సమన్వయకర్త: కోర్టు ఊసే లేదేమిటి?

సొలిసిటర్: ఈ వ్యవస్థకు పునాదే కోర్టు తీర్పండీ. పమేలా కాగ్లన్ గారు రోడ్డు ప్రమాదంలో మెడ కింద భాగమంతా చచ్చుబడ్డ మనిషి. ఎక్సెటర్‌లో ఆవిడ ఉంటున్న హోమ్‌ను మూసేస్తామంటే కోర్టుకెక్కారు. 1999లో అప్పీల్ కోర్టు గీత గీసింది: వసతికి తోడుగా చేసే కొద్దిపాటి నర్సింగ్ అయితే కౌన్సిల్ చూడొచ్చు, అంతకు మించిందైతే ఎన్‌హెచ్‌ఎస్సే చూడాలి. కాబట్టి నాన్నగారి స్థితిని ఆ గీతతో పోల్చి రాయండి. ఆయన జీవితమంతా ఎంత కష్టపడి పన్నులు కట్టారో రాస్తే ప్యానెల్ సానుభూతితో చదువుతుంది, ఫలితం మారదు.

కూతురు: తమ్ముడు రెండు పేజీలు అదే రాశాడు. నేను తీసేసి ఒక పట్టిక పెట్టాను. వాళ్లు వేసిన స్థాయి, మేం అడిగే స్థాయి, ఏ తేదీ రికార్డులో రుజువు ఉందో. తిండి దగ్గర ఉదాహరణకు, 'మెత్తటి ఆహారం, సాయంతో తింటారు' అని వాళ్లు వదిలేశారు. అన్నం పెట్టేటప్పుడు పక్కనే కూర్చుని చూస్తే తెలుస్తుంది. ఒక్కో చెంచాకూ గొంతు కదిలిందా లేదా చూడాలి, దగ్గు వస్తే ఆపాలి, తలను ముందుకు వంచాలి. చిక్కదనం కొంచెం తేడా వచ్చినా నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయని స్పీచ్ థెరపిస్ట్ రిపోర్ట్‌లో ఉంది. ఆ రిపోర్ట్ మీటింగ్ టేబుల్ మీదికే రాలేదు.

సమన్వయకర్త: రికార్డులు అడిగితే ఇచ్చారా?

కూతురు: నాన్న మతి బాగున్నప్పుడే లాస్టింగ్ పవర్ ఆఫ్ అటార్నీ, అంటే ఆయన తరఫున నిర్ణయాలు తీసుకునే అధికారం ఇచ్చే పత్రం, చేయించాం, ఆరోగ్యానికి వేరుగా, డబ్బు వ్యవహారాలకు వేరుగా. అది చూపిస్తే ఇచ్చారు.

సొలిసిటర్: ఇంకా చేయించనివాళ్లు ఈ కార్యక్రమం అయ్యాక ఆ పని మొదలుపెట్టండి. మనిషికి నిర్ణయాలు తీసుకునే మతి పోయాక చేయించడానికి కుదరదు.

సమన్వయకర్త: చివరికి ఏమైంది?

కూతురు: ఐసీబీ మళ్లీ కాదంది. ప్యానెల్ దగ్గర సగం గెలిచాం. చెడ్డగా ఉన్న నెలలకు అర్హత ఉందన్నారు, ఆ కాలానికి కట్టింది వడ్డీతో వెనక్కి వచ్చింది. మందులు కుదిరాక ఉన్న కాలానికి లేదన్నారు. ఇందాక నర్సుగారు చెప్పిన ఆ రెండో సగమే.

నర్సు: ఇంకో విషయం. అర్హత వచ్చినా శాశ్వతం కాదు. మొదటి మూడు నెలలకు ఒక రివ్యూ, ఆ తర్వాత ఏడాదికోసారి ఉంటుంది. అందుకే నోట్స్ రాయడం మానకండి. తెలుగు మాత్రమే మాట్లాడే పెద్దవాళ్లుంటే మీటింగ్‌కు దుబాసీని పెట్టమని ముందే లిఖితంగా అడగండి. అన్నిటికీ కూతురే మధ్యవర్తిగా ఉంటే ఆమె మాట ఏదో, ఆయన మాట ఏదో తేల్చుకోవడం మాకు కష్టం.

సమన్వయకర్త: ఒక ప్రేక్షకుడు అడుగుతున్నారు: 'అమ్మకు సీహెచ్‌సీ రాలేదు. అప్పీల్ చేసే ఓపిక లేదు. ఇక ఏమీ రాదా?'

నర్సు: నర్సింగ్ హోమ్‌లో ఉండి రిజిస్టర్డ్ నర్సు సాయం అవసరమని తేలితే ఎన్‌హెచ్‌ఎస్-ఫండెడ్ నర్సింగ్ కేర్ కింద వారానికి ఇంత అని నేరుగా హోమ్‌కు కడతారు. 2025-26లో మామూలు రేటు 254.06 పౌండ్లు. దానికీ ఆస్తి లెక్క లేదు.

సొలిసిటర్: బిల్లులో అది తగ్గించారో లేదో చూసుకోమనండి. కొన్ని కాంట్రాక్టులలో ఆ డబ్బు హోమ్‌కే పోతుంది, మీ బిల్లు పైసా తగ్గదు. సంతకం పెట్టేముందు ఆ క్లాజు ఎక్కడుందో అడగండి. ఇంకొకటి, ఓపిక ఇవాళ లేకపోయినా ఆరు నెలల గడువు దాటకముందే 'ఈ నిర్ణయాన్ని సవాలు చేస్తున్నాం' అని ఐసీబీకి ఒక ఉత్తరం పంపేయమనండి. వివరాలు తర్వాత పంపుకోవచ్చు.